అజంతా ప్రతికృతులు: నేర్పినదీ, పోగొట్టినదీ

తైలవర్ణ చిత్రకళను అభ్యసించేవారికి కొద్దిపాటి మట్టిరంగులతో ఒక మూర్తిని చూసి చిత్రించడం మంచి పరీక్ష. రంగుల ఆడంబరం లేనప్పుడు దేహానికి నిండుదనం ఇవ్వవలసినది వెలుగునీడల తారతమ్యమే. మన దేశంలో ఈ శిక్షణకు విశిష్టమైన ఉదాహరణ, అప్పటి హైదరాబాదు సంస్థానంలోని అజంతాలో కనిపిస్తుంది. 1872-85 మధ్యకాలంలో బొంబాయి జె.జె. కళాశాల విద్యార్థులు జాన్ గ్రిఫిత్స్ పర్యవేక్షణలో అక్కడి గుహాచిత్రాలకు తైలవర్ణాలలో ప్రతికృతులు రచించారు. పెస్తన్‌జీ బొమన్‌జీ వారిలో ఒకరు.

అజంతా శిల్పులు ప్రధానంగా వాడినవి ఎర్రమట్టి, పసుపుమట్టి, పచ్చమట్టి, మసి, తెలుపు; నీలం అరుదు. ఈ పరిమితి విద్యార్థుల చూపుకు పదును పెట్టింది. అయితే ఆరిన గోడపై జిగురు కలిపిన రంగులతో వేసిన మూలంలో మూర్తిని నిలబెట్టేది రేఖ. తైలంలో ఆ బాధ్యత ఛాయకు సంక్రమిస్తుంది. మూలంలో లేని మెరుపు కూడా చేరుతుంది. కనుక ఈ ప్రతికృతులను అజంతాగా గాక, అజంతాను చదివిన తీరుగా పరిశీలించడం న్యాయం.

ఈ చదువుకు మూలమే మూల్యం చెల్లించింది. స్పష్టత కోసం గోడలపై పూసిన వార్నిష్ కాలక్రమాన పసుపెక్కి చిత్రాలను మసకబరచింది. ప్రతికృతులలో అనేకం 1885లో లండన్ అగ్నిప్రమాదంలో దగ్ధమయ్యాయి. మిగిలినవి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. గోడపై నేడు చెరిగిపోయిన భాగాలకు అవి సాక్ష్యాలు. వాటిని ప్రదర్శించేవారు ఆ విద్యార్థుల నైపుణ్యంతోపాటు గోడకు కలిగిన నష్టాన్ని కూడా ప్రేక్షకులకు తెలపడం అవసరం.