లంకె చెప్పని సంబంధము

‘ఎల్లారెడ్డికి బస్సు ఎప్పుడు?’ అన్నచో అది ఊరని, ‘ఎల్లారెడ్డిలో ఎవరు గెలిచిరి?’ అన్నచో అది శాసనసభ నియోజకవర్గమని, ‘ఎల్లారెడ్డిగారు వచ్చిరి’ అన్నచో అది మనిషి పేరని పాఠశాల విద్యార్థి సైతము గ్రహించును. వెబ్ పుటలను చదువు యంత్రము మాత్రము ఊహపై ఆధారపడవలెను. నేటి యంత్రములు చక్కగనే ఊహించుచున్నవి; కాని ఊహ తప్పినపుడు, తప్పినదని వాటికి తెలియుట అరుదు.

హెచ్.టి.ఎమ్.ఎల్. పుటలోని సాధారణమైన లంకె ఒక పుటనుండి మరియొక పుటకు దారి చూపును గాని, ఆ రెంటికి గల సంబంధమేమో చెప్పదు. ఎల్లారెడ్డిని గూర్చిన పుటలో కామారెడ్డికి, జహీరాబాదుకు, నిజామాబాదుకు మూడు లంకెలున్నవనుకొందము. కంటికి మూడును ఒక్కటే. కాని ఎల్లారెడ్డి కామారెడ్డి జిల్లాలో ఒక రెవెన్యూ డివిజను కేంద్రము. లోక్‌సభ ఎన్నికలలో అది జహీరాబాదు నియోజకవర్గములో చేరును. ఆ జహీరాబాదు పట్టణమేమో సంగారెడ్డి జిల్లాలోనిది! నిజామాబాదు జిల్లాతో దాని సంబంధము 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడుటతో తీరిపోయినది. పైగా కామారెడ్డి అన్న లంకె పట్టణమునకా, మండలమునకా, జిల్లాకా?

ఈ చిక్కు తీర్చుటకే అర్థసూచికలు పుట్టినవి. యంత్రములకు అర్థమగు వెబ్‌ను గూర్చి టిమ్ బెర్నర్స్-లీ, హెండ్లర్, లస్సీలా 2001లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో వ్రాసిరి. 2011లో గూగుల్, బింగ్, యాహూ సంస్థలు స్కీమా.ఆర్గ్ అను ఉమ్మడి పదకోశమును వెలువరించినవి. ‘ఈ స్థలము ఆ స్థలములో ఉన్నది’ అని చెప్పుటకు అందులో ఒక పదము కలదు. ఆ పదమునకు కాలము లేదు. అదే దాని లోపము. ఎప్పటినుండి, ఎప్పటివరకు అని చెప్పవలెనన్న వేరొక పొర తగిలింపవలెను. 2012లో మొదలైన వికీడేటా ఈ విషయమున మెరుగు. పరిపాలనా ప్రాంతమును తెలుపు పి 131 అను సంబంధమునకు ఆరంభ, అంత్య తేదీలను అక్కడనే జోడింపవచ్చును. జిల్లాలు మారిన తెలంగాణకు ఇది చిన్న సౌకర్యము కాదు.

సూచికలను ఎక్కడ వ్రాయవలెనన్నది మరియొక వివాదము. జేసన్-ఎల్‌డీ పద్ధతిలో అవి పాఠకునికి కనబడక, పుటలో వేరుగా ఒకచోట దాగియుండును. గూగుల్ సిఫారసు చేయునది దీనినే. వ్రాయుట సులభము, నిజమే. కాని వాక్యములో ‘కామారెడ్డి జిల్లా’ అని దిద్ది, దాగిన సూచికలో ‘నిజామాబాదు’ను మరచినచో మనిషికొక మాట, యంత్రమునకొక మాట చెప్పిన పుట తయారగును. ఆ తప్పును పట్టువారెవరు? ఆర్‌డీఎఫ్ఏ పద్ధతిలో సూచికను కనబడు మాటకే తగిలింతురు. మాట దిద్దువాని కంట సూచిక కూడ పడును. వ్రాత కొంత గజిబిజియైనను, ఊరి చరిత్రలు వ్రాయు విద్యార్థులకు ఇదియే తగును.

ఉపాధ్యాయులు దీనిని నల్లబల్లపైననే చూపవచ్చును. ఊళ్ల పేర్లు వ్రాసి, బాణములు గీసి, ప్రతి బాణముపై సంబంధమును, సంవత్సరమును వ్రాయింపవలెను. ఎల్లారెడ్డిపేటను కూడ ఒక మూల వ్రాయుట మంచిది. అది రాజన్న సిరిసిల్ల జిల్లాలోనిది. దానికిని ఎల్లారెడ్డికిని పేరులో పోలికయే గాని, గీయదగిన బాణము లేదు.