రెండు ఛానెళ్లు, ఒక స్తంభము

సముద్రపు గాలి నిత్యము తగులు చోట ఉక్కునకు రంగు పూసి పూసి విసిగినవారు అల్యూమినియమును తలచుకొనుట సహజము. అది ఉక్కు వలె తుప్పు పట్టి చెడదు. ఘనపు మీటరు ఉక్కు 7,850 కిలోలు తూగగా ఇది 2,700 కిలోలు మాత్రమే తూగును. ఉద్యోగమున చేరిన క్రొత్తలో అట్టి చోట నిలుపవలసిన ఒక వేదికకు ఎనిమిది మీటర్ల అల్యూమినియము స్తంభముల లెక్క నా చేతికి వచ్చినది. రెండు ఛానెళ్లను ఎడముగా నిలిపి, నడుమ మీటరు కొక బ్యాటెన్, అనగా అడ్డుపలక, బోల్టులతో వేసి కూర్చిన స్తంభములవి. ఒక్క సాయంకాలమున లెక్క ముగించి, కొంత గర్వముతోనే ఆ కాగితమును మా పెద్ద ఇంజనీరుగారి బల్లపై నుంచితిని. ఆయన కళ్లజోడు నుదుటిపైకి నెట్టి, "ఏమయ్యా, ఈ రెండును ఒక్కటేనని నీతో ఎవరు చెప్పిరి?" అని మాత్రమడిగి, దానిని తిరిగి నా చేతిలో పెట్టినారు.

ఆ ప్రశ్న లోతు తెలియవలెనన్న అంకెలు చూడవలసినదే. సన్నని నిడుపాటి స్తంభము ఎంత బరువునకు వంగిపోవునో 1744లో గణితజ్ఞుడు ఆయిలర్ నిర్ణయించినాడు. ఆ బరువు లోహపు బిగువును తెలుపు యంగ్ గుణకమునకును, అడ్డుకోత యొక్క జడత్వ భ్రామకమునకును అనులోమముగను, పొడవు వర్గమునకు విలోమముగను ఉండును. లోహము ఎంత బలమైనదను మాటకు ఆ సూత్రమున చోటే లేదు; ఎంత బిగువైనదనునదే ప్రశ్న. ఉక్కు గుణకము 200 గిగాపాస్కళ్లు కాగా అల్యూమినియమునకు 70 మాత్రమే. కనుక తూకమున మూడవ వంతుకు దిగిన లోహము బిగువున కూడ ఇంచుమించు మూడవ వంతునకే దిగినది. ఉక్కునకు సరిపోయిన రూపమును, పొడవును మార్పక లోహము మాత్రము మార్చినవాడు వంపును తానే పిలిచినవాడగును.

నా ఛానెలు ఒక్కొక్కటి అడ్డుకోతన 1,000 చదరపు మిల్లీమీటర్లు. తన యక్షము మీద దాని భ్రామకము 2 లక్షల మిల్లీమీటర్ల నాల్గవ ఘాతము. రెంటి కేంద్రముల నడుమ దూరము 200 మిల్లీమీటర్లు. రెండవ దిక్కున వంగదనియు, కొనలు కీలు వలె తిరుగుననియు అనుకొన్నచో, ఈ రెండు ఛానెళ్లు ఎవరి దారిన వారు నిలిచినపుడు మొత్తము 4.3 కిలోన్యూటన్లకు, అనగా 440 కిలోల బరువునకే వంగును. అవియే సంపూర్ణముగా ఒక్కటై నిలిచినచో 220 కిలోన్యూటన్లు, 22 టన్నులకు పైగా, మోయును. ఇది 51 రెట్లు. ఈ ఏబది యొక్క రెట్లలో లోహము పెరిగినది లేదు, ఛానెలు పెరిగినది లేదు. పెరిగినదంతయు నడుమనున్న బంధము చలువయే. నేనో, ఆ బంధమును ఒక్క పంక్తియైన లెక్కింపక 220 అని వ్రాసితిని!

మన యిండ్ల వెదురు నిచ్చెనను చూడుడు. మెట్లు బిగువుగా నున్నంతవరకే అది నిచ్చెన. సందులు వదులైననాడు అది ప్రక్కప్రక్కన నిలిచిన రెండు వెదుళ్లు. బ్యాటెన్లతో కూర్చిన స్తంభము నిచ్చెన వంటిదే. అది వంగబూనినపుడు రెండు ఛానెళ్లును ఒకదానిప్రక్క నొకటి జారజూచును. ఆ జారుడును, అనగా షియరును, బ్యాటెన్లును వాని నడుమనున్న ఛానెలు ముక్కలును అడ్డగింపవలెను. ఈ సడలుపాటును లెక్కలోనికి తెచ్చు విధానమును ఇంజనీరు ఎంగెస్సర్ 1891లో చూపినాడు. ఆ త్రోవను మరల లెక్కించితిని. బ్యాటెన్లు తాము వంగకుండ గట్టిగా నిలిచినను, మీటరు కొకటి చొప్పున వేసినచో 220 కాస్తా 122 అయినది. అర మీటరు కొకటి వేసినచో 183. బ్యాటెన్లకు మారుగా 20 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందము గల పట్టీలను రెండు ముఖములందును 45 డిగ్రీల వాలున లేసింగుగా, అనగా ఏటవాలు అల్లికగా, వేసినచో 212. బోల్టు రంధ్రములలోని వదులు ఈ యంకెలలో నింకను చేరలేదు.

వదులునకు వెరచి వెల్డింగు చేయుదమందురా, అల్యూమినియము అక్కడను పరీక్ష పెట్టును. 6061-టి6 వంటి మిశ్రలోహమున వెల్డు కిరుప్రక్కల సుమారు 25 మిల్లీమీటర్ల మేర వేడికి మెత్తబడి, బలము దాదాపు సగము పోగొట్టుకొనును. పొట్టి స్తంభములందు మరియొక చిక్కు: ఒత్తిడి హెచ్చిన కొలది ఈ లోహపు గుణకము క్రమముగా తగ్గును గనుక ఆయిలర్ సూత్రము చెల్లదు. అట్టి స్తంభము ఎప్పుడు వంగనారంభించునో 1947లో ఇంజనీరు షాన్లీ అల్యూమినియము స్తంభములనే పరీక్షించి తేటపరచినాడు.

బంధమును చిన్నచూపు చూచిన దానికి మూల్యమెంతో కెనడాలోని క్విబెక్ వంతెన చెప్పును. అది ఉక్కుదే. దాని క్రింది కమ్ములు నాలుగేసి పలకలను లాటిస్, అనగా అల్లిక, పట్టీలతో కూర్చినవి; ఆ పట్టీలు మోయవలసిన బరువునకు చాలనివి. 1907 ఆగస్టు చివరివారమున ఒక కమ్మి రెండంగుళములకు పైగా వంగినట్లు కొలిచినారు. ఆ నెల 29వ తేదీన కట్టుచున్న వంతెన కూలి 75 మంది మరణించిరి.  కమ్ములను ఒక్కటిగా నిలుపవలసిన పట్టీలే మొదట చాలకపోయినవి.

నేటికిని కూర్పు స్తంభముల లెక్క ఎవరు తెచ్చినను, నేను మొదట బోల్టుల పుటయే తిరుగవేయుదును. ఆ పుట లేనిచో తక్కిన పుటలు చదువను.