ముద్రణ వరుస – మూడు ఆజ్ఞలు: గుణదోష విచారణ

కోటగిరి, బోధన్ ప్రాంతముల వారికి వరుస అనగా ఏమో క్రొత్తగా చెప్పనక్కరలేదు. 1937లో స్థాపితమై 2015లో మూతపడిన బోధన్ నిజాం చక్కెర కర్మాగారమునకు చెరకు బండ్లు వరుసగానే పోయెడివి. ముందు బండి ఇరుసు విరిగినచో వెనుకవన్నియు నిలువవలసినదే. కంప్యూటరులో ముద్రణ పనులును ఇట్టివే. ప్రశ్నపత్రము వెలువడలేదని ఉపాధ్యాయుడు మరల మరల మీట నొక్కినచో, నొక్కినప్పుడెల్ల మరియొక పని వరుస చివర చేరును. అడ్డు మాత్రము తొలగదు.

లినక్సు, మాక్ కంప్యూటర్లలో ఈ వరుసను నడపునది ‘కప్స్’. మైఖేల్ స్వీట్ దీని రచనను 1997లో ఆరంభించెను. టైపుచేసి ఇచ్చు ఆజ్ఞలే దీని బలము. ‘ఎల్‌పీస్టాట్’ వేచియున్న పనులను సంఖ్యలతో చూపును. ‘కాన్సిల్’ అను మాటకు ఒక సంఖ్యను చేర్చినచో ఆ పని ఒక్కటియే రద్దగును. ‘ఎల్‌పీ’తో ఒక పనిని ఆపియుంచవచ్చును, 1 నుండి 100 వరకు ప్రాధాన్యము నిచ్చి ముందుకు జరుపవచ్చును. ఏమియు చెప్పనిచో ప్రాధాన్యము 50.

దోషములును కలవు. యూనిక్సు రెండు శాఖలైన నాటి రెండు ఆజ్ఞాకుటుంబములను కప్స్ నేటికిని మోయుచున్నది. రద్దునకే ‘కాన్సిల్’ ఒకటి, ‘ఎల్‌పీఆర్‌ఎం’ మరియొకటి! అధికారముగల వాడు రెండవదాని ప్రక్కన చిన్న అడ్డగీత నుంచినచో పనులన్నియు తుడిచిపెట్టుకొని పోవును, “నిశ్చయమేనా?” యని అది అడుగదు.

కావున విద్యార్థికి మొదట నేర్పవలసినది రద్దుచేయుట కాదు, వరుసను చూచుట. అడ్డుపడిన పని సంఖ్యను గుర్తించి దానినే తొలగించువాడు ఇతరుల పనిని చెరుపడు.