కుంచము క్రింది దీపము: మన ప్రసంగములలో వెలుగు రూపకము

మన ప్రసంగములలో వెలుగు, చీకటి అను జంట వినబడని ఆదివారము అరుదు. దానిని మనము వాడుచున్న తీరు వాక్యానుసారమేనా అన్నది మేము పరిశీలించదలచిన విషయము. కురవి వంటి చోట ఇది పుస్తకములకు పరిమితమైన ప్రశ్న కాదు. మహాశివరాత్రికి వీరభద్రస్వామి జాతర జరిగే ఊరిలో బోధకుడు "చీకటి" అనగానే వినువారు పొరుగింటివారినే తలంచుకొందురు. వెలుగు అనునది మనకు, వారికి నడుమ గీతగా మారిపోయినది.

మత్తయి 5:14-16లో ఆ గీత కనబడదు. గ్రీకు మూలములోని 'మోదియోస్' ధాన్యము కొలిచే పాత్ర. మన అనువాదకులు దానిని 'కుంచము' అన్నారు. ఎంత చక్కని మాట! వడ్లు కొలిచిన ఇంటివారికి వేరే వివరణ అక్కరలేదు. మత్తయిలో దీపము ఇంట నున్నవారందరి కొరకు. లూకా 8:16లో లోపలికి వచ్చువారి కొరకు. రెండు చోట్లను దీపము తన కొరకు వెలుగుట లేదు. పైగా 16వ వచనము ప్రకారము జనులు చూడవలసినది మన సత్‌క్రియలను.

యోహాను వెలుగును చీకటిని ఎదురెదురుగా నిలుపలేదా అని కొందరు అడుగవచ్చును. నిలిపెను. అయితే యోహాను 3:19-21లో విభజన క్రియలను బట్టియే. 1 యోహాను 2:9-11 మరింత కఠినము: సహోదరుని ద్వేషించుచు వెలుగులో ఉన్నానని చెప్పుకొనువాడే అక్కడ చీకటిలో ఉన్నవాడు. ఆ చీకటి సంఘము లోపలిదే.

కురవికి పొరుగుననే ఉన్న డోర్నకల్‌ను చూడుడి. 1912లో అక్కడ బిషప్పుగా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య కట్టించిన కథీడ్రలు పేరు ఎపిఫనీ, అనగా ప్రత్యక్షత. 1939 జనవరి 6న, ఆ పండుగనాడే, దాని ప్రతిష్ఠ జరిగెను. హిందూ, ముస్లిము, క్రైస్తవ శిల్పరీతులు అందులో కలిసియున్నవి. మత్తయి 2లో జ్ఞానులు నక్షత్రమును తమ తూర్పు దేశములోనే చూచిరి. ఈ మాట మీద ప్రసంగము వినబడుట తక్కువ. అజరయ్య కాలమున మాల, మాదిగ విశ్వాసుల మారిన జీవితమును చూచి పై కులములవారిలోను కొందరు సంఘములో చేరిరి. దీపము వెలిగినది ఊరి వెలుపలి వాడలో.

అట్టి ప్రాంతములో పరిచర్య చేయువారు 1 యోహాను 2వ అధ్యాయమును మొదట జాతరకు పోవువారికి చదువవలెనా, కులమును బట్టి వేరువేరుగా కూడుకొనుచున్న సంఘములకు చదువవలెనా?