అట్టముక్క చెప్పే జవాబు

"అర్థమైందా?" అంటే "అయిందీ సార్" అని తరగతి మొత్తం ఒక్క గొంతుతో అంటుంది. లెక్కలు చెప్పేవాడిగా నేను అందరికన్నా తక్కువ నమ్మే మాట అది. ఆ కోరస్‌లో నిజంగా పలికేది ముందు బెంచీల్లోని నలుగురైదుగురు. మిగతావాళ్లు "సార్" దగ్గర వచ్చి కలుస్తారు. ఎవరికి అర్థం కాలేదో యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతున్నప్పుడు తెలుస్తుంది, అప్పటికి ఆ పాఠం దాటిపోయి ఉంటుంది.

ఖమ్మం జిల్లా వైరా చుట్టుపక్కల బడుల్లో ఈ చిక్కు ఇంకాస్త ఎక్కువ. ఊళ్లో పిల్లలుంటారు, తండాల నుంచి ఆటోల్లో వచ్చే లంబాడా పిల్లలుంటారు, ఏన్కూరు, జూలూరుపాడు వైపు గూడేల నుంచి వచ్చి హాస్టల్లో ఉండే కోయ పిల్లలుంటారు. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష, పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు. జవాబు తెలిసినా నోరు విప్పనివాళ్లు ప్రతి తరగతిలో ఉన్నారు. నన్నడిగితే బడికి వచ్చే ఏ పరికరాన్నయినా ఒకే ప్రశ్నతో తూచాలి: ఇది ఈ పిల్లల జవాబును నా దగ్గరికి తెస్తుందా, లేక ఇంకొకరి పాఠాన్ని వాళ్ల ముందు పోసి వెళ్తుందా?

బడికి తెర రావడం కొత్త సంగతేమీ కాదు. 1975 ఆగస్టు 1న మొదలై ఏడాదిపాటు నడిచిన సైట్ అనే ఉపగ్రహ టీవీ బోధన ప్రయోగంలో అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు పంపారు. పొద్దున పూట బడిపిల్లలకోసం కొంత సమయం ఉండేది. తెలుగులో కూడా వచ్చాయి. 2004లో చదువుకోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహం ఎగిరింది. 'మన టీవీ' అనే చదువుల చానెల్ కూడా వచ్చింది, అదే తర్వాత టీ-శాట్ అయింది. 2016లో మన హైస్కూళ్లలో డిజిటల్ పాఠాలంటూ కంప్యూటరూ ప్రొజెక్టరూ కలిసిన కే-యాన్ పెట్టెలు దిగాయి. ఇప్పుడు గోడకు ఐఎఫ్‌పీ, అంటే వేలితో తాకి నడిపే పెద్ద తెర ప్యానెల్ ఉంది. తెర పెద్దదైంది, బొమ్మ తేటపడింది, మాట మాత్రం ఇప్పటికీ అటునుంచి ఇటే.

విచిత్రమేమిటంటే, వీటన్నిటిలో పిల్లల్ని అడిగి ఆగడం తెలిసినది రేడియో. ఉమ్మడి రాష్ట్రంలో ప్రాథమిక బడులకోసం ఆకాశవాణిలో వచ్చిన 'విందాం నేర్చుకుందాం' గుర్తున్నవాళ్లు ఉంటారు. పాట, కథ, మధ్యలో ఒక ప్రశ్న, ఆపైన కాసేపు విరామం. ఆ విరామంలో పిల్లలు గట్టిగా జవాబు అరిచేవాళ్లు. రేడియోకు అది వినపడదని వాళ్లకు పట్టేది కాదు.

అడిగి ఆగడానికీ, ఆగకపోవడానికీ ఉన్న తేడా కరోనా ఏడాది బాగా కనిపించింది. 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలోనూ టీ-శాట్‌లోనూ మూడు నుంచి పదో తరగతి వరకు పాఠాలు వచ్చాయి. చెప్పినవాళ్లు మంచి టీచర్లే, తయారీ కూడా బాగానే ఉంది. కానీ టీవీలో మాస్టారు ప్రశ్న అడిగి, ఊపిరి పీల్చి, తనే జవాబు చెప్పేవాడు. మేం వాట్సాప్‌లో వర్క్‌షీట్లు పంపి ఫొటోలు తెప్పించుకునేవాళ్లం. మధ్యాహ్నం పంపినవి రాత్రి వచ్చేవి, ఎందుకంటే ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నాన్న జేబులో మిరప తోటకు వెళ్లేది. అలా రాత్రి వచ్చిన మసక ఫొటోల్లోనే, ఎవరు ఎక్కడ ఆగిపోయారో నాకు కాస్తయినా తెలిసింది.

ఇంతకీ చెప్పదలచుకున్నది ప్లికర్స్ అనే ఆప్ గురించి. పిల్లలకు ఫోన్లు అక్కర్లేదు, టీచరు దగ్గర ఒకటి చాలు. నలుపు తెలుపు చతురస్రాల బొమ్మలున్న కార్డులు ప్రింటు తీసుకోవాలి. మామూలు సెట్టులో 40 ఉంటాయి. ఏ కార్డుకు ఆ కార్డు బొమ్మ వేరు, ప్రతి కార్డూ ఒక పిల్లవాడి పేరు మీద ఉంటుంది. నాలుగు అంచుల మీద చిన్న అక్షరాల్లో ఏ, బీ, సీ, డీ. తన జవాబు అక్షరం పైకి వచ్చేలా తిప్పి పట్టుకోవడమే పిల్లల పని. నేను ఫోన్ కెమెరా తరగతి మీదుగా ఒక్కసారి తిప్పితే ఎవరు ఏ జవాబు ఎత్తారో పేరుతో సహా పడుతుంది. పక్కవాడి కార్డు చూసి తన కార్డునూ అట్లాగే తిప్పినా లాభం లేదు, బొమ్మలో అక్షరాల చోటు వేరు. నిగనిగలాడే లామినేషన్ మాత్రం చేయించకండి, కిటికీ వెలుగు పడితే కెమెరా చదవలేదు. పాత శుభలేఖల అట్టకు అంటిస్తే ఏడాది నిలుస్తాయి. శుభలేఖలకు మన దగ్గర కొదవ లేదు.

దశాంశాల పాఠంలో ఒకసారి 0.5 పెద్దదా, 0.35 పెద్దదా అని అడిగాను. అంతకు ముందే "అయిందీ సార్" అన్న తరగతే. కార్డులు ఎత్తితే సగానికి పైగా 0.35 వైపు ఉన్నారు. ఐదుకన్నా ముప్ఫై ఐదు పెద్దది కదా, వాళ్ల తర్కం వాళ్లకుంది. రోజూ చేయెత్తే పిల్లవాడు కూడా అటే ఉన్నాడు. ఏనాడూ నోరెత్తని తండా పిల్ల 0.5 ఎత్తింది. ఆ సంగతి నాకు వేరే దారిలో తెలిసేది కాదు.

అలాంటప్పుడు జవాబు వెంటనే చెప్పకూడదు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990ల నుంచి ఒక పద్ధతి నడుపుతున్నాడు. ప్రశ్న వేస్తాడు, ఎవరికి వారు జవాబు ఎంచుకుంటారు, తర్వాత పక్కవాళ్లతో వాదించుకుంటారు, మళ్లీ ఎంచుకుంటారు. ఇలాంటి తరగతుల్లో జవాబు ఎంచుకోవడానికి విద్యార్థుల చేతికిచ్చే మీటల పరికరాలకు (క్లిక్కర్లకు) బోలెడు ఖర్చవుతుంది. మాంట్రియల్‌లో నథానియల్ లాస్రీ అనే అధ్యాపకుడు ఇదే పద్ధతిని ఒక తరగతిలో ఆ మీటలతో, ఇంకో తరగతిలో మామూలు అట్టముక్కలతో నడిపి చూసి, 2008లో ఫలితం రాశాడు. పిల్లలు నేర్చుకున్నదాంట్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్యానెళ్ల టెండర్లు పిలిచేవాళ్లు ఈ ముక్క చదివితే బాగుండునని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. మీట వల్ల మాస్టారికి లెక్క తేలిక అవుతుంది, కార్డు వల్ల కూడా అంతే. పిల్లవాడు నేర్చుకునేది మధ్యలో జరిగే వాదనలో.

ఆ వాదన ఏ భాషలో జరిగినా నేను అడ్డు చెప్పను. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక వాచకాలు తెచ్చిన కార్యక్రమంలో కోయ, లంబాడా రెండూ ఉన్నాయి. హైస్కూలుకు వచ్చేసరికి ఆ భాషలు బడి గేటు బయటే ఆగిపోతాయి. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు తండా పిల్లలు పదో వంతు, నూరో వంతు గురించి తమ మాటలో తగువు పడుతుంటే నాకు సగం అర్థం కాదు. రెండోసారి ఎత్తిన కార్డులు చెబుతాయి తగువు ఎటు తేలిందో. అయితే ఒక జాగ్రత్త ఉంది. కార్డు ఏ జవాబో చెబుతుంది, ఎందుకో చెప్పదు. కార్డుతో ఆపేస్తే మాట్లాడని పిల్లకు మాట్లాడకుండా ఉండటానికి ఇంకో సాకు దొరికినట్టే.

టైమరు పెట్టి పరుగులు తీయించే క్విజ్ ఆప్‌లు నాకు అంతగా ఎక్కవు. నార్వే వాళ్ల కహూట్, బెంగళూరులో క్విజిజ్ పేరుతో పుట్టిన వేగ్రౌండ్ రెండూ తరగతిలో సందడి తెస్తాయి, కాదనను. కానీ పట్టికలో పైకెక్కేది ఎప్పుడూ ఆ ముగ్గురే, ఆలోచించేవాడికి సెకన్లు చాలవు. సందడిని ఆసక్తి అనుకోవడం ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లకు కుదురుతుంది.

ప్యానెల్ మీద నాకు కోపం లేదు. దానితో నాకు బాగా కుదిరిన పాఠం గూగుల్ ఎర్త్‌లో వైరా రిజర్వాయరు. చెరువు కనపడగానే వెనక బెంచీలు ఖాళీ అయ్యాయి. "మా తండా", "మా కాలువ", "మా మామయ్య వాళ్ల పొలం" అంటూ తెర మీద వేళ్లు పడ్డాయి. కట్ట పొడవు అందులోని స్కేలుతో కొలిచారు. స్కేలు మారిస్తే దూరం మారుతుందా అన్నాడొకడు. అనుపాతం పాఠం అక్కడే మొదలైంది. పాత చిత్రాల్లోకి వెనక్కి జరిపితే నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, ఎక్కడిదాకా తగ్గాయో ఏడాదికో రకంగా కనిపించింది. కరెంటు పోయింది, ఇన్వర్టర్ కాసేపే లాగింది, మిగతాది నేల మీద సుద్దముక్కతో గీశాం.

ఈమధ్య ప్రశ్నలు కూడా పిల్లల్నే రాయమంటున్నాను. సరైన జవాబు ఒకటి, స్నేహితులు పడిపోయేలాంటి తప్పు జవాబులు మూడు. ఆ తప్పు జవాబులు రాయడంలో వాళ్లు నాకన్నా ఘనులు. ఎక్కడ జారతామో జారినవాడికే తెలుస్తుంది. మొన్న ఒక పిల్లవాడు వడ్డీ లెక్క తెచ్చాడు. మిరప పెట్టుబడికి 50,000 రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఆరు నెలలకు వడ్డీ ఎంత? పుస్తకం సూత్రం తెలిసినవాళ్లంతా 500 ఎత్తారు. ఇంట్లో అప్పుల మాటలు వింటూ పెరిగినవాళ్లు 6,000 ఎత్తారు, ఎందుకంటే మా వైపు రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు. ప్యానెల్ వీడియోలో వడ్డీ ఎప్పుడూ ఏడాదిదే. ఇద్దరూ ఇద్దరే, వాదన బెల్లు దాటి సాగింది. చివరికి ఒక అమ్మాయి లేచి, ప్రశ్న రాసినవాడి వైపు తిరిగింది: "నెలకా, ఏడాదికా రాయకుండా ప్రశ్న ఇస్తే ఎట్లరా?" న్యాయమైన మాటే. ప్రశ్న దిద్ది మళ్లీ కార్డులు ఎత్తించాం. ఈసారి కూడా ముగ్గురు 500 దగ్గరే ఉన్నారు, వాళ్లతో రేపు కూర్చోవాలి.