96 గుంటల లెక్క

ఎంజైమ్‌లో ఒక స్థానం ఎంచుకుని, అక్కడ 20 అమైనో ఆమ్లాలనూ మార్చి మార్చి చూడాలనుకుంటాం. పిపెట్ పట్టుకోబోయే ముందు కాగితం మీద వేసుకునే లెక్కంటే నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టం.

డీఎన్‌ఏలో మూడక్షరాల కోడాన్లు మొత్తం 64. మూడో అక్షరంగా జీ, టీలను మాత్రమే రానిస్తే 32 అవుతాయి. అమైనో ఆమ్లాలన్నీ వస్తాయి, స్టాప్ కోడాన్ ఒక్కటే మిగులుతుంది. ల్యాబుల్లో దీన్ని ఎన్ఎన్‌కే అంటారు. అయితే వాటాలు సమానం కావు. ల్యూసిన్‌కు మూడు కోడాన్లు, ట్రిప్టోఫాన్‌కు ఒకటే. 96 గుంటల ప్లేటులో రెండు కంట్రోళ్లకు వదిలి 94 కాలనీలు వేస్తే, ల్యూసిన్ తప్పిపోయేది పదివేలలో ఒకసారి. ట్రిప్టోఫాన్ మాత్రం ఇరవైలో ఒకసారి జారిపోతుంది.

దీన్నే 95 శాతం కవరేజీ అంటారు. ఆ మాట వినగానే అన్నీ చూసేశామనుకుంటారు కొత్తగా చేరిన పిల్లలు. నిజానికి ఆ 32 కోడాన్లలో సగటున ఒకటో రెండో ప్లేటు మీదికే రావు. ఒక్కటీ తప్పకుండా అన్నీ దొరికే అవకాశం ఐదింట ఒక వంతే. ఒకేసారి మూడు స్థానాలు మారుస్తానంటే కూర్పులు 32,768. అదే కవరేజీకి సుమారు 98,000 కాలనీలు, అంటే వెయ్యికి పైగా ప్లేట్లు కావాలి. రోబో లేని ల్యాబులో అది అయ్యే పని కాదు.

అందుకే 2012లో యువల్ నోవ్ అనే పరిశోధకుడు వేసిన ప్రశ్న నాకెంతో విలువైనదనిపిస్తుంది. అన్నిటికన్నా మంచిదే కావాలా, మొదటి రెండింటిలో ఏదో ఒకటి దొరికినా చాలా? రెండోదే చాలంటే, ఆ రెండింటికీ ఒక్కో కోడానే ఉన్నా, 95 శాతం నమ్మకానికి 47 కాలనీలతో సరిపోతుంది. సగం ప్లేటు! మిగిలిన సగంలో ఇంకో స్థానాన్ని పరీక్షించవచ్చు. చిన్న ల్యాబులకు ఇంతకంటే మేలు చేసే లెక్క నాకు తెలియదు.

ఇక స్క్రీనింగ్. ప్లేటులో అన్నిటికన్నా పెద్ద అంకె చూపిన గుంటను నేను వెంటనే నమ్మను. అన్ని గుంటల్లోనూ కణాలు ఒకేలా పెరగవు, కొలతలోనూ కొంత ఊగిసలాట ఉంటుంది. 94 అంకెల్లో పెద్దదాన్ని ఏరామంటే అందులో అదృష్టాన్ని కూడా ఏరినట్టే. మళ్లీ కొలిస్తే అది చాలాసార్లు కిందికి దిగుతుంది. పైనున్న ఐదారింటిని మళ్లీ పెంచి, పక్కనే అసలు ఎంజైమ్‌నూ పెట్టి, ఒక్కోదాన్నీ మూడు నాలుగు సార్లు కొలిచాకే సీక్వెన్సింగ్‌కు పంపమంటాను.