పసుపేది, లైటేది

తెల్లవారుజాము ముహూర్తం. పసుపురంగు బల్బులు, వీడియోవాళ్ళ లైటు, ఫ్లాష్, షామియానా ఎరుపు అన్నీ కలిసి పెళ్ళికూతురు ముఖం మీదే పడతాయి. ఏ వెలుతురులోనైనా తెల్ల పంచె మనకు తెల్లగానే కనిపిస్తుంది. ఆ సర్దుబాటు మెదడు చూసుకుంటుంది. కెమెరాకు అంత నేర్పు లేదు. అది వదిలేసిన పనే కలర్ కరెక్షన్.

వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు. పాతకాలపు బల్బు 2,700 దగ్గర, ఫ్లాష్ 5,500 దగ్గర ఉంటాయి. ఎండ పడని నీడ 7,000 దాటుతుంది. అంకె తక్కువైతే పసుపు, ఎక్కువైతే నీలం. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో టెంపరేచర్ స్లయిడర్ నీలం-పసుపుల తేడాను, టింట్ ఆకుపచ్చ-మెజెంటాల తేడాను సరిచేస్తాయి.

'ఆటో' నొక్కితే పోదా? ఆటో పద్ధతుల్లో బాగా పాతదాని లెక్క ఇది: ఫొటోలోని రంగులన్నిటికీ సగటు తీస్తే బూడిదరంగు రావాలి. మామూలు వీధి ఫొటోకి ఈ లెక్క చాలావరకు కుదురుతుంది. మంగళస్నానం ఫొటోకి పెట్టిచూడండి. ముఖాన పసుపు, చీర పసుపు, చుట్టూ బంతిపూలు. అదంతా లైటు తప్పేననుకుని పసుపు లాగేసి నీలం నింపుతుంది. పెళ్ళికూతురు జ్వరపడి లేచినట్టు తయారవుతుంది.

అందుకే చేయి తిరిగినవాళ్ళు ఐడ్రాపర్ పట్టుకుంటారు. ఏ రంగూ లేని చోట నొక్కితే అక్కడ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు మూడూ సమమై, ఫొటో మొత్తం ఆ ప్రకారమే మారుతుంది. ఎక్కడ నొక్కాలన్నదే అసలు విద్య. మధుపర్కాలు తెల్లగానే ఉంటాయి గానీ అంచులకు పసుపు తగిలి ఉంటుంది. అక్కడ నొక్కితే ఫొటో నీలమెక్కుతుంది. పురోహితుడి పంచెకు నీలిమందు పెట్టి ఉంటే పసుపెక్కుతుంది. ఫ్లాష్ పడి మూడు అంకెలూ 255కి చేరిన చోట నొక్కినా లాభం లేదు, రంగు సంగతి అక్కడ చెరిగిపోయింది. ముందుగా ఒక గ్రే కార్డు ఫొటో తీసి ఉంచుకుంటే ఈ వెతుకులాటే ఉండదు.

ముఖం మీద ఫ్లాష్, వెనక బల్బులు ఉంటే ఒక్క స్లయిడర్‌తో తేలదు; ముఖానికి మాస్క్ వేసి విడిగా కర్వ్స్ సరిచెయ్యాలి. కెమెరా పట్టినదాన్ని పట్టినట్టే దాచే రా ఫైలు విలువ ఇక్కడే తెలుస్తుంది. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే. 14 బిట్ల రా ఫైల్లో 16,384.

చివరి పరీక్ష చర్మానిదే. తెల్లని వెలుగులో ఎవరి చర్మమైనా సరే, ఎరుపు అంకె పెద్దది, తర్వాత ఆకుపచ్చ, అన్నిటికన్నా చిన్నది నీలం. ఛాయ మారినా ఈ వరస మారదు. ఒకప్పుడు ల్యాబులు కోడాక్ 'షర్లీ కార్డు' మీది తెల్లజాతి యువతి చర్మాన్ని చూసి యంత్రాలను సరిచేసుకునేవి. నల్లని ముఖాలు ప్రింటులో మసకబారేవి. ఇప్పుడు ఏ కంపెనీ కార్డూ అక్కర్లేదు. "అమ్మాయిని కాస్త తెల్లగా చెయ్యండి" అని ఇంటివాళ్ళే స్టూడియోకి చెబుతున్నారు. అది కరెక్షన్ కాదు, సున్నం కొట్టడం. చేతులకు కూడా మాస్క్ వేసే తీరిక స్టూడియోలో ఎవరికీ ఉండదు కనుక, ఆల్బమ్‌లో ముఖం ఒక మనిషిది, గోరింటాకు చేతులు మరో మనిషివి.